పూల కింద బొటనవేలు

జూన్ 2

పిచ్చుకా,

జవాబు ఆలస్యమైందని మూతి ముడుచుకోకు. హోటల్లో వరసగా విందులు. బల్లలు సర్దించడం, గ్లాసులు తుడిపించడం, అన్నీ ఎత్తించడం, మళ్లీ మొదటినుంచి సర్దించడం. గదికి చేరేసరికి నా కాళ్లు నావి కావు. ఫోన్ చేద్దామా అంటే మనిద్దరి సంగతి తెలిసిందే. "ఎలా ఉన్నావు" దగ్గర మొదలై, ఎవరో ఒకరు ముక్కు చీదుకోవడంతో ముగుస్తుంది. ఉత్తరమే నయం. ఇందులో ఏడ్చినా అక్షరం కాస్త చెదురుతుంది, అంతే.

మూడేళ్ల కిందట మీ అన్నయ్య పోయాక, కింద కొట్లో గడియారాల చప్పుడు వింటూ పైన పడుకోలేక ఇక్కడికి పారిపోయి వచ్చానా, ఇక్కడ నా మంచానికి ఎదురుగా కూడా గోడ గడియారమే. తలరాత అంటే ఇదే కాబోలు. నాతో గదిలో ఉండే నర్సుకి డ్యూటీ టైము చూసుకోవాలట, తీయనివ్వదు.

నీకింకా రాయని కబురు ఒకటి. విందుల్లో వాడే పేపర్ నాప్‌కిన్లు ఇప్పుడు రంగురంగుల్లో వస్తున్నాయి. గులాబీలు, తీగలు, పక్షులు అచ్చువేసి ఉంటాయి. కట్ట విప్పితే మిగిలినవి కూడా పారేయమంటారు. నాకు ప్రాణం ఒప్పక తెచ్చుకుని పరుపు కింద దాస్తున్నాను. అది చూసి నర్సు నవ్వి, వీధి చివర గ్రంథాలయం హాల్లో ఆదివారాలు వీటితో ఏదో నేర్పుతున్నారని నన్ను లాక్కుపోయింది. ఆమె రెండు వారాలకే మానేసింది. నేను అతుక్కుపోయాను, అప్పుడే నాలుగు నెలలు.

పనేమిటంటే, చెక్క వస్తువు మీద ముందు తెల్ల రంగు పూయాలి. నాప్‌కిన్‌కి మూడు పొరలుంటాయి. గోటితో విడదీసి, బొమ్మ ఉన్న పై పొర ఒక్కటే ఉంచుకోవాలి. అది ఉల్లిపొరకన్నా పల్చన. కత్తెర వాడకూడదు. బొమ్మ చుట్టూ తడి కుంచెతో గీత గీసి మెల్లిగా లాగితే విడిపోతుంది. దాన్ని చెక్క మీద పరిచి, నీళ్లు కలిపిన జిగురు మధ్యలోంచి అంచులకు పూసుకుంటూ రావాలి. చెయ్యి తొందరపడిందా, చిరిగిందే. ఆరాక తడిమి చూస్తే కాగితం వేలికి తగలదు, ఎవరో చెక్క మీదే బొమ్మ వేసినట్టుంటుంది. మొదటి రోజు నేను మూడు పొరలూ కలిపి అతికించేశాను. ఆరాక ఎక్కడికక్కడ బుడగలు లేచి, మొత్తం చేతికి ఊడి వచ్చింది. నేర్పేది ఒక డ్రాయింగ్ మాస్టారు. బళ్లో పని చేసి మానేశారట. ఆయన నవ్వలేదు, దాన్ని జాగ్రత్తగా మడిచి చెత్తబుట్టలో వేశారు.

ఇక అసలు సంగతి. మీ అన్నయ్య పనిముట్ల పెట్టె నీ దగ్గర ఉంది కదా, బల్ల మీద ఎడమవైపు పెట్టుకునేవారు, ఆ చెక్క పెట్టె. నాకు పంపగలవా? పనిముట్లు నీకు కావాలి, అవి తీసేసుకో. ఖాళీ పెట్టె చాలు. ఎందుకని మాత్రం అడక్కు, చెప్పలేను.

నీ వదిన


జూన్ 9

వదినా,

చేతులు తుడుచుకునే కాగితం చెక్కకి అతికించడానికి ఒక హాలు, ఒక మాస్టారు, ఒక ఆదివారమూనా. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు నీకు నాప్‌కిన్ కట్ట దొరికింది. కానీయ్.

కొట్టు సంగతి నువ్వు అడగలేదు, నేనే చెప్తాను. బ్యాటరీలు మార్చడం, పట్టీలు మార్చడం, అంతే బేరాలు. స్ప్రింగు ఉన్న గడియారం ఎప్పుడో ఒకటి వస్తుంది, వచ్చిన రోజు నాకు పండగ. మొన్న ఒకాయన వచ్చి, కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చున్న నన్నే చూస్తూ, "లోపల రిపేరు చేసేవాళ్లెవరైనా ఉన్నారా అమ్మా" అన్నాడు. "లోపల ఎవరూ లేరు, బయట నేనున్నాను" అన్నాను. నమ్మలేక నమ్మి గడియారం ఇచ్చి, నేను విప్పుతున్నంతసేపూ నా నెత్తి మీదే నిలబడ్డాడు. అన్నయ్య దగ్గర ఎవరూ అలా నిలబడేవారు కాదు.

పెట్టె పార్సిల్ సర్వీసులో వేశాను. పనిముట్లన్నీ బిస్కెట్ డబ్బాలోకి మార్చాను. ఖాళీ అయ్యాక పెట్టెని ఒళ్లో పెట్టుకుని చూశాను వదినా. మూత మీద అన్నయ్య టీ గ్లాసు పెట్టీ పెట్టీ పడిన గుండ్రటి మరక అలాగే ఉంది. మూత అంచున బొటనవేలి మరక. గడియారంలో నూనె చుక్క వేసిన చేత్తోనే పెట్టె తెరిచేవాడు, నువ్వు ఎన్ని గుడ్డలు కత్తిరించి ఇచ్చినా ఒక్కటీ వాడలేదు. ఆ చెక్క మరీ పొడిబారిపోయి కనిపించింది. అలా పంపడానికి మనసొప్పలేదు. కొబ్బరినూనె బాగా పట్టించి, ఎండలో పెట్టి, మెత్తటి గుడ్డతో తోమాను. ఇప్పుడు తళతళలాడుతోంది.

ఎందుకని అడక్కన్నావు, అడగను. కానీ నా బుర్ర ఊరుకుంటుందా. అన్నయ్య వస్తువులేవీ కళ్లముందు ఉండకూడదని వెళ్లిన మనిషివి, ఇప్పుడు పెట్టె కావాలన్నావంటే నీ మనసు ఇటు తిరిగిందన్నమాట. పై గది ఊడ్చి ఉంచాను. కిటికీ రెక్క సరిగ్గా పడటం లేదని గోల పెట్టేదానివి, బాగు చేయించాను. గడియారాల చప్పుడే నీ బాధైతే, కొట్లో ఉన్నవన్నీ రాత్రి ఆపేసి పొద్దున్నే మళ్లీ తిప్పుతాను. గడియారాల కొట్టుదాన్ని, ఇంతకన్నా ఏం చేయగలను చెప్పు.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. సగం మొగుడు పిలుస్తున్నాడు, వచ్చేయ్.

నీ అర్ధమొగుడు,
పిచ్చుక


జూన్ 18

పిచ్చుకా,

పెట్టె భద్రంగా అందింది. కట్టు విప్పాను కానీ చాలాసేపు మూత తీయలేదు. తెరిస్తే ఆయన వాసన వస్తుందని ఆశ. తెరిస్తే కొబ్బరినూనె వాసన వచ్చింది. ముందు నవ్వొచ్చింది, నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. నర్సు హడలిపోయి మంచినీళ్లు తెచ్చింది.

ఆదివారం దాన్ని హాలుకి తీసుకెళ్లి తెల్ల రంగు పూయబోయాను. పూసిన రంగు పూసినట్టే జారిపోయింది. ఇంకోసారి పూశాను, ఇంకోసారి జారింది. మాస్టారు వచ్చి వేలితో రాసి, వాసన చూసి, "దీనికెవరో తలంటి పోశారండీ" అన్నారు. హాలంతా నవ్వు. నూనె తాగిన చెక్క మీద రంగు నిలవదట. ఉప్పుకాగితం పెట్టి, లోపలి చెక్క తేలేదాకా రుద్దితే తప్ప లాభం లేదట. మాస్టారు తన దగ్గరున్న గరుకుదీ నునుపుదీ రెండు రకాలూ ఇచ్చారు. ముందు దేంతో మొదలుపెట్టాలో, చెక్క పోగు ఎటుంటే అటే ఎలా రుద్దాలో మాస్టారే చూపించారు.

ఒక మాట అడగనా? నేను రంగు పూస్తానని పసిగట్టే నూనె పట్టించావా? నవ్వులాటకే అంటున్నాను. సగం నవ్వులాటకి.

కిటికీ బాగు చేయించడం మంచి పని. వానలొస్తున్నాయి.

నీ వదిన


జూన్ 24

పిచ్చుకా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. అయినా ఆగలేక రాస్తున్నాను.

రుద్దడం పూర్తయింది. కుడి భుజం పైకి లేవడం లేదు, ఎడం చేత్తో అన్నం తింటున్నాను. నీ నూనె వదిలింది. పెట్టె కొత్తగా కోసిన చెక్కలా లేతగా తేలింది. టీ గ్లాసు మరక కూడా దాంతోపాటే పోయింది. బొటనవేలి మరక మాత్రం, ఎంత రుద్దినా, నీడలా మిగిలే ఉంది. రేపో ఎల్లుండో రంగు పూస్తే సరిపోతుంది.

నాప్‌కిన్ల వేటలో నాకు ఒక నిధి దొరికింది. పిల్లల పుట్టినరోజు విందులో, ఎవరో తీసి నలిపి వదిలేసిన కాగితం మీద పిచ్చుక. ఒక్కటే, రెమ్మ మీద కూర్చుని, నోరు తెరుచుకుని. ఎవరినో తిడుతున్నట్టుంది. నీకు ఆ పేరు పెట్టిన మనిషి చూసి ఉంటే పడీ పడీ నవ్వేవారు. ఇంకోటి దొరుకుతుందేమోనని బల్లలన్నీ వెతికాను, లేదు. ఇస్త్రీ పెట్టె గోరువెచ్చగా పెట్టి ముడతలు తీశాను. దాన్ని పెట్టె మీద ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు.

మూడు పొరలంటే నమ్మవని అడుగు పొర ఒకటి ఇందులో పెడుతున్నాను. బొమ్మలేని ఉత్త తెల్ల పొర. నోటితో ఊదకు, ఎగిరిపోతుంది.

నీ వదిన


జూన్ 25

వదినా,

నీ పద్దెనిమిదో తేదీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. తెల్ల రంగు ఏమిటి, ఉప్పుకాగితం ఏమిటి?

నువ్వు నాప్‌కిన్ల కబుర్లు చెప్పి, పెట్టె అడిగితే, ఆ రెంటికీ ముడి ఉందని నాకు తట్టలేదు. మట్టిబుర్ర. సూదులూ దారాలూ దాచుకుంటావనుకున్నాను. తలగడ పక్కన పెట్టుకుని పడుకుంటావనుకున్నాను. అందుకే నూనె పట్టించాను, ఎవరినీ ఆపడానికి కాదు. పంపే వస్తువు మురిగ్గా ఉండకూడదని.

గోడ మీద ఫోటో ఉంది. అందులో అన్నయ్య మొహం ఉంది, చెయ్యి లేదు. అన్నయ్య అంటే నాకు ముందు గుర్తొచ్చేది చెయ్యే. ఆ చెయ్యి ఇంకెక్కడా మిగల్లేదు వదినా, ఆ పెట్టె మూత మీదే ఉంది. రుద్దకు. మొదలుపెట్టి ఉంటే ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ ఆపేసి, అలాగే నాకు తిప్పి పంపేయ్. నీకు పూలే కావాలంటే బజారులో బోలెడు పెట్టెలు, దేనికైనా అతికించుకో.

ఇంకొకటి కూడా అడిగేస్తాను, మనసులో పెట్టుకుంటే నాకు అన్నం సయించదు. పద్దెనిమిదో తేదీ ఉత్తరంలో అన్నయ్య కన్నా మాస్టారు ఎక్కువ కనిపించారు. మాస్టారు అన్నారు, మాస్టారు ఇచ్చారు, మాస్టారు చూపించారు. పై గది మాటకి మాత్రం వానలొస్తున్నాయని జవాబు. ఆడబిడ్డ అర్ధమొగుడన్నది నేను నవ్వులాటకే రాశాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఒక సగం పోయాడు. ఇంకో సగం బతికే ఉంది, చూస్తోంది.

పిచ్చుక


జూలై 3

గౌరవనీయులైన మీకు,

మీ ఇరవై నాలుగో తేదీ ఉత్తరం అందింది. టీ గ్లాసు మరక పోయిందని తెలిసింది. మీ భుజం నొప్పి త్వరగా తగ్గాలి.

పై గది అద్దెకివ్వబడును అని కొట్టు తలుపుకి బోర్డు తగిలించాను. మీ కుట్టుమిషను, రెండు దుప్పట్లు, ఇత్తడి చెంబు ఒక మూల సర్ది ఉంచాను. ఎవరినైనా పంపితే అప్పగిస్తాను. మీ మాస్టారుగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
గడియారాల కొట్టు యజమానురాలు


జూలై 10

పిచ్చుకా,

"మీరు" అన్నావు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో కూడా అనలేదు. అప్పుడు నువ్వు రెండు జడల పిల్లవి, మొదటిరోజే నా కొంగు పట్టుకుని "నువ్వు ఇక్కడే ఉంటావా" అని అడిగావు. నన్ను తిట్టాలంటే తిట్టు. మీరు అనకు.

నువ్వు రుద్దొద్దని రాసిన ఉత్తరం నాకు చేరేసరికి రుద్దడం ముగిసింది. నీదీ నాదీ దారిలో ఎదురుపడి పలకరించుకోకుండా పోయాయి. చేరి ఉంటే ఆపేదాన్నే. ఇది నమ్ము.

ఇక నిజం చెప్తాను, చివరిదాకా చదువు. మాస్టారు నన్ను పెళ్లి చేసుకుంటానన్నారు. ఎండాకాలంలోనే అడిగారు. భార్య పోయి చాలా ఏళ్లయిందట, కూతురు పెళ్లయి వేరే ఊళ్లో ఉంది. మాట తక్కువ. మీ అన్నయ్య గురించి నేను ఏదైనా చెబుతుంటే కుంచె కింద పెట్టి వింటారు. ఇంతకన్నా రాయను. ఎక్కువ రాస్తే నీకు మంట, తక్కువ రాస్తే నాకు అబద్ధం.

జవాబు ఇంకా చెప్పలేదు. చెప్పేముందు ఒకటి తేల్చుకోవాలనిపించింది. ఆ ఇంటికి వెళ్తే మీ అన్నయ్యది అంటూ నాతో ఏం వస్తుంది? పోయిన మొగుడి పనిముట్ల పెట్టె చంకలో పెట్టుకుని కొత్త గడప ఎలా దాటను? అదిగో, అందుకు అడిగాను పెట్టె. పూలు అతికిస్తే చూసేవాళ్లకి అది పూల పెట్టె. నాకు మాత్రం ఆయన పెట్టె. దొంగబుద్ధే అనుకో. నేను ఆయన్ని తుడిచేయాలనుకోలేదే. దాచుకుని వెంట తీసుకెళ్దామనుకున్నాను.

అది కూడా సాగలేదు. తెల్ల రంగు పూసి ఆరబెడితే, బొటనవేలి చోట పసుప్పచ్చటి మచ్చ పైకి తేలింది. ఇంకో పూత వేశాను, మళ్లీ తేలింది. నీ కొబ్బరినూనె పైపైనే ఉంది కాబట్టి రుద్దితే పోయింది. ఇది అన్నేళ్లు ఆ చెక్క తాగిన నూనె, అడుగుదాకా దిగిపోయింది. మూడో పూతని కూడా ఆ మరక తినేశాక మాస్టారు చూశారు. "లక్క పాలిష్ ఒక్కసారి పూస్తే మరక లోపలే ఆగిపోతుంది. ఇక పైకి రాదు" అని సీసా తెచ్చి మూత తీశారు.

నేను మరక మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆలోచించి పెట్టింది కాదు. అప్పటిదాకా ఆ పెట్టె ఎవరిదో ఆయనకి చెప్పలేదు, పాతసామాను కొట్లో దొరికిందన్నాను. "ఎవరి వేలండీ" అని అడిగారు. చెప్పాను. హాల్లో అందరి ముందూ నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆయన సీసాకి మూత బిగించి అలమరలో పెట్టేశారు. సన్నటి కుంచె ఒకటి తెచ్చి నా చేతికిచ్చి, "అక్కడ ఇంకో పూత కూడా వద్దు. లేత రంగు ఆకులు చూసి పెట్టండి. జిగురు తడి తగిలితే ఈ పొర కనపడకుండా పోతుంది, కిందిది కనపడుతుంది" అన్నారు. అని పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయారు.

ఈ మనిషితో ఉండగలననిపించింది, పిచ్చుకా. అనిపించింది అక్కడే, ఆ సీసా మూత బిగించినప్పుడే.

ఇప్పుడు మూత నిండా గులాబీలున్నాయి, లేతాకులున్నాయి. అంచున ఆకుల కింద మీ అన్నయ్య వేలుంది. తెలిసినవాళ్లకి కనపడుతుంది. దాని పక్కన కొంచెం చోటు వదిలాను, నీ కాగితం కోసం. కానీ దాన్ని తడపడానికి నాకు చెయ్యి రావడం లేదు. నాతో మాట్లాడని దాన్ని చెక్కకి ఎలా అతికించుకోను.

నా భయమల్లా ఒకటే. మీ అన్నయ్య వల్లే కదా నేను నీకు వదినని. ఇంకొకరి ఇంటికి వెళ్లాక ఆ పిలుపు నాకుంటుందా? ఆయన నాకిచ్చినవాటిలో మిగిలింది ఆ పెట్టె, నువ్వు. పెట్టెని తీసుకెళ్లే దారి దొరికింది. నిన్ను తీసుకెళ్లే దారి తెలియడం లేదు. నువ్వు వద్దంటే నేను మాస్టారికి ఔననను. ఇది బెదిరింపు కాదు, అలకా కాదు. నువ్వు లేని చోట నేను బాగుంటానని అనుకోవడం లేదు, అంతే.

కింద ఏమని సంతకం పెట్టాలో తెలియక ఆపేస్తున్నాను.


జూలై 29

పిచ్చుకా,

పోస్టుమాన్ గొంతు వినిపిస్తే చాలు, నాకన్నా ముందు నర్సు పరిగెత్తుతోంది. ఉత్త చేతులతో వచ్చి, "రేపు చూద్దాం లెండి" అంటోంది. ఆమెకీ పాపం విసుగు పుట్టి ఉంటుంది.

గదికి ఎవరైనా అద్దెకొచ్చారా? వస్తే చెప్పు, కిటికీ పక్క గోడకి వానాకాలం చెమ్మ దిగుతుంది, మంచం అటు వేసుకోవద్దని. మెట్ల మీద మూడోది కదులుతుంది, అదీ చెప్పు.

మా హోటల్ భోజనాల హాల్లో గోడ గడియారం ఆగిపోయింది. మేనేజరు పారేసి కొత్తది తెద్దామన్నాడు. ఉండండి చూస్తానని కుర్చీ ఎక్కి దించి, వెనక మూత తీశాను. అన్నేళ్లు మీ అన్నయ్య పక్కన కూర్చుని గుడ్డలు కత్తిరించి ఇచ్చానే తప్ప నేనేమీ నేర్చుకోలేదని తెలిసింది. నువ్వయితే చూడగానే చెప్పేదానివి. మళ్లీ మేకుకి తగిలించి దిగాను. అందరూ దాన్నే చూసి పొరబడుతున్నారు, నేను మాత్రం తీయనివ్వడం లేదు.

మాస్టారికి జవాబు చెప్పలేదు. పెట్టెకి వార్నిష్ వేయలేదు. నీ కాగితం పుస్తకంలో పెట్టి ఉంచాను.

ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.


ఆగస్టు 6

వదినా,

ఈ ఒక్క మాట రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. దీని బదులు ఇంకేం రాయాలో వెతికాను, ఇంకో మాట నా చేతికి రాలేదు. కాబట్టి నువ్వు అడిగినదానికి జవాబు పైనే ఉంది. కిందిది చదవకపోయినా ఫరవాలేదు. కానీ చదువు, కష్టపడి రాస్తున్నాను.

ఇన్నాళ్లూ రాయలేదంటే ఊరుకున్నానని కాదు. రోజూ మనసులో నీతో పోట్లాడాను. ప్రతిసారీ నేనే గెలిచాను, ఎదురు చెప్పడానికి నువ్వు లేవు కదా. గెలిచి గెలిచి విసుగొచ్చింది. మధ్యాహ్నం టీ ఇప్పటికీ రెండు గ్లాసులు చెప్తాను. రెండోది చల్లారాక నేనే తాగుతాను. టీ కొట్టువాడు అడగడం మానేశాడు.

నువ్వు పంపిన ఉత్త పొర పారేద్దామని తీసి, పారేయలేకపోయాను. మాస్టారు చెప్పింది నిజమో కాదో చూద్దామని, మన బల్ల అంచున అన్నయ్య మోచెయ్యి ఆనించీ ఆనించీ నల్లబడిన చోటుంది చూడు, దాని మీద పరిచాను. తెల్లగా కప్పేసింది. జిగురులో నీళ్లు కలిపి, నువ్వు చెప్పినట్టే మధ్యలోంచి అంచులకి పూశాను. తడి తగిలినంత మేరా కాగితం మాయమైపోయింది వదినా. నల్లటి చోటు ఎప్పట్లాగే ఉంది. బేరం కోసం వచ్చినావిడ నా మొహం చూసి, తర్వాత వస్తానని వెళ్లిపోయింది. బాగా ఏడ్చాను.

చేతులు కడుక్కుంటుంటే నా బొటనవేలు చూసుకున్నాను. గీతల్లో నల్లగా నూనె. ఎంత తోమినా పోదు. బిస్కెట్ డబ్బా మూత మీద నేను వేలు పెట్టే చోట అప్పుడే రంగు పోయింది. అన్నయ్య చెయ్యి ఆ పెట్టె మీదే ఉందని నీ మీద అరిచాను. నా చేతిలో కూడా ఉన్నట్టుంది, చూసుకోలేదు.

గదికి ఎవరూ రాలేదు. రారు. ఆ బోర్డు నీకు కోపం తెప్పించడానికి తగిలించాను, అదీ తలుపుకి లోపలివైపు. వీధిలోకి కనపడదు. ఆ గది ఎవరికీ ఇవ్వను. నువ్వు వచ్చి ఉండే గది కాకపోతే వచ్చి వెళ్లే గది అవుతుంది. చెమ్మ గోడకి సున్నం వేయించాను, మూడో మెట్టు కూడా సరిచేయిస్తాను. నువ్వు తిరిగి వచ్చేయాలనే ఇప్పటికీ నా కోరిక. అది రాయకపోతే ఈ ఉత్తరమంతా అబద్ధమవుతుంది. కానీ నా కోరిక కోసం నువ్వు ఆ గదిలో కూర్చుని గడియారాలు వినడం నాకు ఇష్టం లేదు.

ఒక్కటే చిక్కు. నువ్వు వదినవైతే, మాస్టారు వరసకి నాకు అన్నయ్య అవుతారు. ఆ పిలుపు మాత్రం నా నోట రాదు, ఆయనకే కాదు, ఎవరికీ రాదు. అడగకు. మాస్టారూ అనే అంటాను. సీసాకి మూత బిగించిన మనిషి, ఈ మాత్రం అర్థం చేసుకోకపోరు. అర్థం చేసుకోకపోతే నాకు చెప్పు, అప్పుడు చూద్దాం.

అర్ధమొగుడి హోదాలో రాస్తున్నాను, జాగ్రత్తగా విను. నాకు సమ్మతమే. వెళ్లి ఆయనకి ఔనని చెప్పు. మిగతా సగం కూడా కాదనడు, నాకు తెలుసు. మీ ఇద్దరికీ మాట పట్టింపు వచ్చినప్పుడల్లా ముందు దిగివచ్చింది ఎప్పుడూ అన్నయ్యే. పెళ్లిలో నీ తరఫున ఎవరొచ్చారని అడిగితే ఆడపడుచుని అని చెప్తాను. వినేవాళ్లు తికమకపడితే పడనీ, విప్పి చెప్పే ఓపిక నాకు లేదు.

వచ్చే వారం బయల్దేరుతున్నాను. కొట్టు మూసేస్తాను, ఎవరూ ఏడవరు. ఆ హోటల్ గడియారం ఎవరినీ ముట్టుకోనివ్వకు, నేనొచ్చి చూస్తాను. పెట్టెకి వార్నిష్ వేయకు. పిచ్చుక కాగితాన్ని నేనొచ్చేదాకా తడపకు. ఒక్కటే ఉందన్నావు, తడపడానికి చెయ్యి రావడం లేదన్నావు. వెంట్రుకంత స్ప్రింగులు పట్టుకునే చెయ్యి నాది, వణకదు. పొర ఎలా విడదీయాలో నువ్వు చూపించు చాలు. అన్నయ్య వేలి పక్కన నన్ను నేనే అతికించుకుంటాను.

నీ అర్ధమొగుడు,
పిచ్చుక